పెద్దల సభలో సుందరయ్య

ఉద్దేశం : పార్లమెంటరీ చర్చ అంటే ఏమిటో, సంఖ్యాబలం లేని పక్షం సభలో చేసే వాదానికి విలువ ఎక్కడ ఉంటుందో ఒక తెలుగు సభ్యుని కృషి ఆధారంగా తెలుసుకోవడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదులో నారాయణగూడ నుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు వెళ్ళే దారిలో చిక్కడపల్లి వస్తుంది. అక్కడి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకొనే యువతీయువకులు పొద్దున్నే వచ్చి చోటు వెతుక్కుంటారు. పక్కనే ఉన్న అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలకు పేరు పొందింది. రాజ్యాంగంలోని ఏ అధికరణం ఏం చెబుతుందో, రాజ్యసభ సభ్యుని పదవీకాలం ఎంతో అక్కడి విద్యార్థులకు కంఠస్థం. ఆ గ్రంథాలయానికి కొద్ది దూరంలోనే బాగ్‌లింగంపల్లి ఉంది. అక్కడ సుందరయ్య ఉద్యానవనం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఉదయపు నడకకు వచ్చేవారికి సుందరయ్య అంటే ఒక పార్కు పేరు. సాహిత్య సభలకు వచ్చేవారికి ఒక భవనం పేరు. ఆ పేరుగల మనిషి రాజ్యసభ తొలి సభ్యులలో ఒకరని, స్వతంత్ర భారతదేశం తన రూపురేఖలను తీర్చిదిద్దుకొంటున్న నాళ్ళలో ఆ సభలో ఒక ప్రతిపక్ష వర్గానికి నాయకత్వం వహించారని తెలిసినవారు తక్కువ.

ఆయన పూర్తి పేరు పుచ్చలపల్లి సుందరయ్య. 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో సంపన్న రైతు కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులాన్ని తెలిపే చివరి భాగాన్ని ఆయనే తొలగించుకొన్నారు. మద్రాసులో కళాశాల విద్య చదువుతూ 1930లో గాంధీజీ పిలుపుమేరకు శాసనోల్లంఘన ఉద్యమంలో ప్రవేశించి, చిన్న వయస్సులోనే కారాగారవాసం అనుభవించారు. తరువాత అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు ఉద్యమంవైపు మళ్ళారు. సొంత ఊరిలో వ్యవసాయ కూలీలను సంఘటితపరచడం, అంటరానితనాన్ని ధిక్కరించి సహపంక్తి భోజనాలు ఏర్పాటు చేయడం ఆయన తొలి ప్రజాకార్యాలు. తన వాటాకు వచ్చిన ఆస్తిని ఉద్యమానికే ఇచ్చివేశారు. దక్షిణ భారతదేశంలో కమ్యూనిస్టు పార్టీని నిర్మించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ రైతాంగ పోరాటానికి నాయకత్వం వహించినవారిలోనూ ఒకరు.

1951 అక్టోబరులో ఆ పోరాటాన్ని విరమించారు. అప్పటిదాకా ఆయన అజ్ఞాతంలో ఉన్న మనిషి. ఆరు నెలలు తిరగకముందే రాజ్యసభ సభ్యుడయ్యారు. ఇంత గొప్ప మలుపు ఎందరో రాజకీయ నాయకుల జీవితాలలో వెతికినా కనిపించదు. నిన్నటిదాకా పోలీసులు గాలించిన వ్యక్తి నేడు రాజ్యాంగానికి బద్ధుడనై ఉంటానని ప్రమాణం చేసి చట్టాలు చేసే సభలో కూర్చున్నారు. ఇది లొంగుబాటు అని విమర్శించినవారు ఆయన పక్షంలోనే ఉన్నారు. ఇది నటన అని అనుమానించినవారు పాలక పక్షంలో ఉన్నారు. ఈ రెండింటిలో ఏది నిజమో ఆయన సభలో చేసిన పనిని చూసి నిర్ణయించుకోవాలి.

రాజ్యసభ తొలి సమావేశం 1952 మే 13న జరిగింది. అప్పట్లో దాని పేరు రాష్ట్రాల మండలి అన్న అర్థం వచ్చే ఆంగ్ల నామం. 1954 ఆగస్టు 23 నుంచి రాజ్యసభ అని వ్యవహరిస్తున్నారు. మొదటి అధ్యక్షులు ఉపరాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆ సభలో ఉన్న 216 మందిలో పన్నెండుగురు రాష్ట్రపతి నామనిర్దేశం చేసినవారు. విద్యావేత్త జాకిర్ హుస్సేన్, శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్, నటుడు పృథ్వీరాజ్ కపూర్, హిందీ కవి మైథిలీశరణ్ గుప్త, నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ వారిలో ఉన్నారు. బొంబాయి రాష్ట్రం నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఎన్నికై వచ్చారు. తెలుగువారిలో రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా ఉన్నారు. అటువంటి సభలో కళాశాల చదువును మధ్యలో వదలి జైలుకు వెళ్ళిన ముప్పైతొమ్మిదేళ్ళ సుందరయ్య కమ్యూనిస్టు వర్గానికి నాయకుడు.

అమెరికా వంటి దేశాలలో ఎగువ సభను సెనేట్ అంటారు. అక్కడ పెద్ద రాష్ట్రానికైనా చిన్న రాష్ట్రానికైనా ఇద్దరేసి సెనేటర్లు. ప్రజలే వారిని నేరుగా ఎన్నుకొంటారు. మన రాజ్యసభ పద్ధతి వేరు. రాష్ట్ర జనాభాను బట్టి స్థానాలు ఉంటాయి. శాసనసభ్యులు వారిని ఎన్నుకొంటారు. ఆ ఎన్నిక ఒకే బదిలీ ఓటు విధానంలో, పార్టీల బలానికి అనుపాతంగా స్థానాలు దక్కేటట్లు జరుగుతుంది. ఈ వివరం పరీక్షకు మాత్రమే పనికివచ్చేది కాదు. 1952 ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసుకు 152, కమ్యూనిస్టు పార్టీకి 62 వచ్చాయి. ఎక్కువ ఓట్లు వచ్చినవారికే అన్ని స్థానాలూ అనే పద్ధతి ఉండి ఉంటే సుందరయ్యకు ఢిల్లీ దారి అంత సులభంగా తెరచుకొనేది కాదు. అల్పసంఖ్యలో ఉన్న పక్షానికి గొంతు ఇవ్వడానికి రాజ్యాంగకర్తలు పెట్టిన ఏర్పాటు రాజ్యాంగాన్ని గట్టిగా విమర్శించిన పార్టీకే మొదట ఉపయోగపడింది.

ఆయన సైకిలుపై పార్లమెంటుకు వెళ్ళేవారన్న మాట తెలుగునాట బహుళ ప్రచారంలో ఉంది. అది నిజమే. తరువాత శాసనసభకూ అలాగే వెళ్ళారు. అయితే ఆ సైకిలు కథ ఎంతగా ప్రసిద్ధమైందంటే దాని చాటున ఆయన సభలో ఏం మాట్లాడారన్నది మరుగునపడిపోయింది. నిరాడంబరత గొప్ప గుణమే. కాని సభ్యుని కొలవవలసింది ఆయన ఎక్కి వచ్చిన వాహనంతో కాదు, తెచ్చిన వాదంతో.

ఆ వాదాన్ని అర్థం చేసుకోవడానికి సభ నడిచే తీరును కొంత తెలుసుకోవాలి. రోజూ ప్రశ్నోత్తరాల సమయంలో సభ్యులు మంత్రులను వివరాలు అడుగుతారు. రాష్ట్రపతి ప్రసంగానికి ధన్యవాదాలు తెలిపే తీర్మానంపై చర్చలో ప్రభుత్వ విధానాలన్నీ విచారణకు వస్తాయి. బిల్లు వచ్చినప్పుడు మొదట దాని మూలసూత్రంపై, తరువాత ఒక్కొక్క నిబంధనపై చర్చ జరుగుతుంది. ఏ నిబంధన నచ్చకపోయినా సభ్యుడు సవరణను ప్రతిపాదించవచ్చు. దానిపై ఓటింగు జరుగుతుంది. పాలక పక్షానికి పెద్ద మెజారిటీ ఉన్నప్పుడు ప్రతిపక్షం సవరణ ఓడిపోతుందని అందరికీ ముందే తెలుసు. మరి ఓడిపోయే సవరణను ఎందుకు ప్రతిపాదించాలి? సవరణ వస్తే మంత్రి దానికి సమాధానం చెప్పక తప్పదు. ఆ సమాధానం సభాకార్యక్రమాల అధికార నివేదికలో అచ్చవుతుంది. ప్రభుత్వం ఒక అధికారాన్ని ఎందుకు కోరుతున్నదో, దానికి ఏ హద్దులు ఒప్పుకొన్నదో, దేనిని నిరాకరించిందో దేశానికి లిఖితరూపంలో మిగులుతుంది. ఆనాటి కమ్యూనిస్టు వర్గంలో సభ్యులు వేళ్ళ మీద లెక్కింపదగినంత మంది. ప్రతిపక్ష నాయకుడనే అధికారిక హోదా రాజ్యసభలో 1969లో గాని ఎవరికీ దక్కలేదు. కాబట్టి ఓటుతో సాధించలేనిదానిని నివేదికలో నమోదు చేయించడమే ఆ వర్గానికి మిగిలిన పని.

సుందరయ్య పద్ధతిలో ఉపన్యాస కళకు చోటు తక్కువ. అంకెలకు, విషయ పరిశీలనకు చోటు ఎక్కువ. ఆచార్య రంగా వలె శ్రోతలను ఉర్రూతలూగించే వక్త కాడు. భూమి ఎవరి చేతిలో ఎంత ఉంది, కౌలు ఎంత వసూలవుతున్నది, కూలి రేటు ఎంత, ఏ కాలువ కింద ఎన్ని ఎకరాలు సాగవుతాయి అన్న లెక్కలతో ఆయన వాదం నడిచేది. ఈ అలవాటు జీవితాంతం పోలేదు. అరవై ఏళ్ళు దాటిన తరువాత కూడా గుంటూరు జిల్లాలోని అనంతవరం, కాజ గ్రామాలలో ఇంటింటి సర్వే చేయించి, రైతాంగంలోని తరగతుల భేదాలపై వ్యాసం ప్రకటించారు.

ఆ కాలపు చర్చలలో రెండు ప్రత్యేకంగా పరిశీలింపదగినవి. ఒకటి వ్యక్తి స్వేచ్ఛకు, రెండవది రాష్ట్రాల స్వరూపానికి సంబంధించినది.

నివారక నిర్బంధ చట్టం 1950 ఫిబ్రవరిలో తాత్కాలిక పార్లమెంటు ఆమోదం పొందింది. నేరం చేసినవానిని విచారించి శిక్షించడం సాధారణ న్యాయం. నేరం చేయగలడన్న అనుమానంతో విచారణ లేకుండానే నిర్బంధించడం నివారక నిర్బంధం. ఆ బిల్లును ప్రవేశపెట్టిన సర్దార్ పటేల్, దానికి ముందు నిద్రలేని రాత్రులు గడిపానని చెప్పుకొన్నారు. ఆయన మాటలో కపటం లేదు. దేశ విభజన గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. తెలంగాణలో సాయుధ పోరాటం సాగుతున్నది. చట్టం రాగానే దానిని సుప్రీంకోర్టులో సవాలు చేసినవారు కేరళకు చెందిన కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్. ఒక్క సెక్షన్ మినహా చట్టమంతా చెల్లుతుందని న్యాయస్థానం 1950లోనే తీర్పు చెప్పింది. ఒక సంవత్సరం కోసమని తెచ్చిన చట్టం పొడిగింపులు పొందుతూ వచ్చింది. 1952లో హోంమంత్రి కైలాస్‌నాథ్ కాట్జు దానిని 1954 చివరి దాకా పొడిగించే బిల్లును తెచ్చారు.

అప్పటికి గోపాలన్ లోక్‌సభలో, సుందరయ్య రాజ్యసభలో కమ్యూనిస్టు వర్గాల నాయకులు. అంటే ఏ చట్టం ఎవరిని దృష్టిలో ఉంచుకొని పుట్టిందో వారే ఆ చట్టంపై చర్చలో ప్రభుత్వానికి ఎదురుగా కూర్చున్నారు. ప్రభుత్వ వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. ఆయుధాలు పట్టినవారు దించి ఏడాది కూడా కాలేదు, రేపు మళ్ళీ పట్టరన్న హామీ ఏమిటి అన్నది దాని సారం. ప్రతిపక్ష వాదం కూడా అంతే బలమైనది. సాధారణ చట్టాలు ఉండగా, న్యాయస్థానాలు పని చేస్తుండగా, ఎన్నికలు జరిగి ప్రజలు తమ ప్రతినిధులను పంపిన తరువాత విచారణ లేని నిర్బంధం దేనికి? శాంతికాలంలో ఇటువంటి అధికారానికి అలవాటుపడిన ప్రభుత్వం దానిని వదులుకొంటుందా? ఈ ప్రశ్న కమ్యూనిస్టులది మాత్రమే కాదు. లోక్‌సభలో జనసంఘ్ స్థాపకుడు శ్యామాప్రసాద్ ముఖర్జీ, హిందూ మహాసభకు చెందిన ఎన్.సి. చటర్జీ సైతం ఆ బిల్లును ఎదిరించారు. సిద్ధాంతాలలో ఉత్తర దక్షిణ ధ్రువాల వంటివారు ఒక సూత్రం వద్ద కలిశారు. బిల్లు మాత్రం నెగ్గింది.

అటు తరువాతి చరిత్రను చూస్తే ఆ చర్చ ఎంత ముందుచూపుతో జరిగిందో బోధపడుతుంది. తాత్కాలికమని చెప్పిన చట్టం 1969 డిసెంబరు 31 దాకా అమలులో ఉంది. 1971లో ఆంతరంగిక భద్రతా చట్టం వచ్చింది. 1975లో అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు దేశమంతటా ప్రతిపక్ష నాయకులను దాని కిందనే నిర్బంధించారు. సుందరయ్యకు ఈ అనుభవం అంతకుముందే కలిగింది. చైనాతో యుద్ధ సమయంలో 1962 నవంబరులో ఆయనను అరెస్టు చేశారు. విడుదలయ్యాక 1964 చివర మళ్ళీ నిర్బంధించి 1966 మే దాకా ఉంచారు. సభలో ఒకప్పుడు ఆయన వర్గం లేవనెత్తిన ప్రశ్నకు ఆయన జీవితమే ఉదాహరణ అయింది. దీనికి మరొక పార్శ్వం కూడా ఉంది. ప్రపంచంలో కమ్యూనిస్టు పార్టీలు అధికారంలో ఉన్న దేశాలలో విచారణ లేని నిర్బంధాలు జరిగాయి. సభలో ప్రత్యర్థులు ఆ మాటను తరచుగా ఎత్తిచూపేవారు. ఆ ఆక్షేపణకు కమ్యూనిస్టుల నుంచి తృప్తికరమైన సమాధానం వచ్చిందని చెప్పలేము. అయినప్పటికీ వాదించినవాడు ఎవరన్నది వేరు, వాదంలోని సత్యం వేరు. చర్చలను చదివేటప్పుడు విద్యార్థి ఈ భేదాన్ని మరువరాదు.

రెండవ చర్చ తెలుగువారికి మరింత సన్నిహితమైనది. భాషాప్రయుక్త రాష్ట్రాలను స్వాతంత్ర్యానికి పూర్వం కాంగ్రెసే కోరింది. అధికారంలోకి వచ్చిన తరువాత వెనుకాడింది. 1948లో థార్ కమిషన్ భాష ఒక్కటే ప్రాతిపదికగా రాష్ట్రాలు వద్దన్నది. 1949లో జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభిల సంఘం ఆంధ్ర విషయంలో కొంత మెత్తబడినా, మద్రాసు నగరంపై ఆంధ్రులు ఆశ వదులుకోవాలన్న షరతు పెట్టింది. సుందరయ్య ఆలోచన వీటికి భిన్నమైనది. 1946లోనే ఆయన ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ అనే పుస్తకం రాశారు. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలను నిజాం రాజ్యంలోని తెలంగాణతో కలిపి ఒకే రాష్ట్రం చేయాలన్నది అందులోని ప్రతిపాదన. నదుల నీరు, ఖనిజాలు, పరిశ్రమలు ఆ రాష్ట్రంలో ఎలా వినియోగపడాలో కూడా ఆయన అందులో చర్చించారు. ఢిల్లీ సభలో ఆయన వర్గం వాదానికి ఇదే పునాది.

1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహారదీక్ష ప్రారంభించి, డిసెంబరు 15న ప్రాణత్యాగం చేశారు. నాలుగు రోజులకు ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతుందని లోక్‌సభలో ప్రకటించారు. ఒక మనిషి ప్రాణం పోయేదాకా చర్చలన్నీ వినబడని చోట జరిగినట్లే ఉన్నాయి. పార్లమెంటరీ చర్చకు ఉన్న పరిమితి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. జస్టిస్ వాంఛూ నివేదిక తరువాత ఆంధ్ర రాష్ట్ర బిల్లు తయారై 1953 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఉభయ సభల ముందుకు వచ్చింది.

ఆ బిల్లుపై వచ్చిన వివాదాలు అనేకం. బళ్ళారి ఎవరికి చెందాలి, మద్రాసులోని ఆస్తులు ఎలా పంచాలి, రాజధాని ఎక్కడ అన్నవి వాటిలో ముఖ్యమైనవి. రాయలసీమకు రాజధాని గాని హైకోర్టు గాని ఇవ్వాలన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను అనుసరించి కర్నూలు రాజధాని అయింది. కమ్యూనిస్టులు విజయవాడను కోరారు. బళ్ళారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి పట్టణం మైసూరుకు వెళ్ళింది. రాజ్యసభలో 1953 సెప్టెంబరు 2న ఆ బిల్లుపై డాక్టర్ అంబేద్కర్ చేసిన ప్రసంగం చరిత్ర ప్రసిద్ధం. ఒక భాష పేరిట రాష్ట్రం ఏర్పడితే అక్కడి పెద్ద కులాల చేతిలో చిన్న వర్గాలు నలిగిపోతాయని, వారి రక్షణకు గవర్నరుకు ప్రత్యేకాధికారాలు ఉండాలని ఆయన వాదించారు. తాను రచించిన రాజ్యాంగాన్ని తానే తగులబెట్టడానికి సిద్ధమన్న ఆవేదనా వాక్యం ఆ సందర్భంలో వచ్చినదే.

ఒకే సభలో రెండు దృక్పథాలు ఎదురెదురుగా నిలిచిన సందర్భం ఇది. తెలుగు మాట్లాడేవారంతా ఒక రాష్ట్రంగా ఏర్పడితే పాలన ప్రజల భాషలోకి వస్తుందని, భూస్వామ్యంపై పోరాటానికి బలం చేకూరుతుందని సుందరయ్య పక్షం విశ్వాసం. భాష ఒక్కటైనంత మాత్రాన మనుషులు సమానులు కారని అంబేద్కర్ హెచ్చరిక. కులభేదాన్ని తెలిపే పేరును చిన్ననాడే వదులుకొన్న సుందరయ్యకు ఆ హెచ్చరికలోని బాధ తెలియనిది కాదు. అయినా వర్గపోరాటంతోనే ఆ సమస్య తీరుతుందని ఆయన నమ్మకం. డెబ్బై ఏళ్ళ తరువాత వెనుదిరిగి చూస్తే అంబేద్కర్ భయం నిరాధారమని ఏ తెలుగు రాష్ట్రంలోనూ ఎవరూ అనలేరు. పాలన ప్రజల భాషలోకి రావాలన్న కోరిక తప్పు అని కూడా అనలేరు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. విశాలాంధ్ర వాదం అంతటితో ఆగలేదు. 1953 డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం నియమితమైంది. తెలంగాణను కొంతకాలం హైదరాబాదు రాష్ట్రంగా విడిగానే ఉంచి, 1961 ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరితే ఆంధ్రతో కలపవచ్చునని ఆ సంఘం సూచించింది. ఆ సూచనను పక్కనపెట్టి, 1956 ఫిబ్రవరిలో ఇరు ప్రాంతాల నాయకులు చేసుకొన్న పెద్దమనుషుల ఒప్పందం పునాదిగా, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌ను ఏర్పరచారు. ఆ ఒప్పందంలోని హామీలు అమలు కాలేదన్న వేదన 1969లో ఉద్యమమై రగిలింది. చివరకు 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైంది. సుందరయ్య పేరు పెట్టుకొన్న పార్కు ఉన్న బాగ్‌లింగంపల్లి నేడు ఆయన కలగన్న విశాలాంధ్రలో లేదు, తెలంగాణ రాజధానిలో ఉంది. ఆయన పార్టీ మాత్రం 2014 దాకా సమైక్య రాష్ట్ర వాదాన్నే పట్టుకొని ఉంది. ఆనాడు ఓడిపోయిన వాదం 1956లో గెలిచింది. గెలిచిన వాదం 2014లో మరల ఓడింది. సభలో చేసిన వాదాలకు చరిత్ర ఒక్కసారే తీర్పు చెప్పి ఊరుకోదనడానికి ఇంతకన్న దగ్గరి నిదర్శనం మనకు దొరకదు.

ఇక వ్యవసాయ, నీటిపారుదల విషయాలు. మొదటి పంచవర్ష ప్రణాళిక 2,069 కోట్ల రూపాయల అంచనాతో 1952 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. దున్నేవానికి భూమి దక్కకుండా ఎన్ని ప్రాజెక్టులు కట్టినా లాభం పైవారికే చేరుతుందన్నది దానిపై కమ్యూనిస్టుల ప్రధాన విమర్శ. కృష్ణా జలాలను పెన్నా మీదుగా దక్షిణానికి మళ్ళించే కృష్ణా-పెన్నారు పథకానికి మారుగా నందికొండ వద్ద ఆనకట్ట కట్టాలని తెలుగు రైతులు కోరుతున్న కాలం అది. 1952లో ఖోస్లా సంఘం నందికొండనే సమర్థించింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టే నాగార్జునసాగర్. దాని వెనుక ముక్త్యాల రాజా వంటివారి పట్టుదల, అన్ని పక్షాల కృషి ఉన్నాయి. ఒక్కరికే ఆ కీర్తిని కట్టబెట్టడం న్యాయం కాదు. విదేశాంగ విధానంలో కామన్వెల్తు నుంచి వైదొలగాలని కమ్యూనిస్టు వర్గం కోరింది. భారతదేశం నేటికీ అందులోనే ఉంది.

1955 ఆరంభంలో ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారని చాలామంది ఊహించారు. ఫలితాలలో వారికి 196 స్థానాలకు గాను పదిహేను మాత్రమే దక్కాయి. కృష్ణా జిల్లా గన్నవరం నుంచి గెలిచిన సుందరయ్య రాజ్యసభను వదలి శాసనసభకు వచ్చారు. ఆరేళ్ళ పదవిలో ఆయన గడిపింది సుమారు మూడేళ్ళు. ఢిల్లీలో భూపేశ్ గుప్త ఆ వర్గానికి దీర్ఘకాలం గొంతుకగా నిలిచారు. సుందరయ్య 1967 దాకా, మళ్ళీ 1978 నుంచి 1983 దాకా శాసనసభ్యుడుగా ఉన్నారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీకి తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1985 మే 19న మరణించారు.

ఆయన జీవితమంతా పుస్తకాలు సేకరించారు. వాటితో మొదలైన గ్రంథాలయం విజ్ఞాన కేంద్రంలో పెరిగి, పాత తెలుగు పత్రికలకు, అరుదైన ఉర్దూ గ్రంథాలకు నిలయమైంది. 2000 ఆగస్టులో హైదరాబాదును వరద ముంచెత్తినప్పుడు హుస్సేన్‌సాగర్ మిగులు నాలా పొంగి అశోక్‌నగర్, దోమలగూడ పరిసరాలు జలమయమయ్యాయి. బాగ్‌లింగంపల్లిలోని ఆ గ్రంథాలయంలోకీ నీరు చేరింది. ఎన్నో పుస్తకాలు తడిసి పాడయ్యాయి. కాగితం మీద ఉన్నది శాశ్వతమని అనుకొనేవారికి అది పెద్ద దెబ్బ. ఇప్పుడు రాజ్యసభ చర్చల నివేదికలను 1952 నుంచి కంప్యూటరులోనే చదువుకోవచ్చు. చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చున్న విద్యార్థి చేతి ఫోనులోనే ఆ పుటలు తెరవగలడు. అందులో సభ్యుని పేరు పక్కన ఆయన రాష్ట్రం పేరు కుండలీకరణంలో ఉంటుంది. మధ్యలో ఎవరు అడ్డు తగిలారో, మంత్రి ఎక్కడ తప్పించుకొన్నారో, సమయం ముగిసిందని అధ్యక్షుడు ఎప్పుడు హెచ్చరించారో అన్నీ ఉంటాయి. సవరణ ఓడిపోయిందన్న ఒక చిన్న వాక్యం చివర ఉంటుంది. తరువాతి పుటలో మరొక సవరణ మొదలవుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

అధికరణం : రాజ్యాంగంలోని ఒక విభాగం
అనుపాతం : తగిన నిష్పత్తి
అజ్ఞాతం : ఎవరికీ తెలియకుండా ఉండే స్థితి
నామనిర్దేశం : ఎన్నిక లేకుండా పేరు ప్రకటించి నియమించడం
ఆక్షేపణ : తప్పుపట్టడం
పార్శ్వం : పక్క, వైపు
ప్రాతిపదిక : ఆధారం
కౌలు : ఇతరుల భూమిని సాగుచేసినందుకు చెల్లించే ప్రతిఫలం

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. నివారక నిర్బంధ చట్టంపై ప్రభుత్వ, ప్రతిపక్ష వాదాలను వివరించి, వాటిలో మీకు సమంజసమని తోచినదానిని కారణాలతో సమర్థించండి.
2. భాషాప్రయుక్త రాష్ట్రాల విషయంలో సుందరయ్య పక్షం విశ్వాసానికి, డాక్టర్ అంబేద్కర్ హెచ్చరికకు గల భేదాన్ని చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఓడిపోతుందని తెలిసి కూడా సవరణను ప్రతిపాదించడం వల్ల కలిగే ప్రయోజనం ఏమిటి?
2. సుందరయ్య రాజ్యసభకు ఎన్నిక కావడానికి ఎన్నిక విధానం ఎలా తోడ్పడింది?
3. సుందరయ్య రాజ్యసభ నుంచి శాసనసభకు ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చారు?

సందర్భసహిత వ్యాఖ్యలు
1. వాదించినవాడు ఎవరన్నది వేరు, వాదంలోని సత్యం వేరు.
2. భాష ఒక్కటైనంత మాత్రాన మనుషులు సమానులు కారు.